చేతితో ముట్టుకోగల నక్షత్రము



డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో ఒకవైపు వరి కోతలు సాగుతూనే ఉంటాయి, మరొకవైపు వెదురు బద్దలకు, రంగు కాగితములకు, మైదా జిగురుకు గిరాకీ పెరుగుతుంది. ఏ ఇంటి నక్షత్రము ఎంత ఎత్తున ఉన్నదో పిల్లలు వీధి వీధి తిరిగి లెక్కపెట్టుకుంటారు. మా ఇంటి ముందు కూడా ఏటా ఒక నక్షత్రము ఉండేది. దానిలో ఒక బల్బు, చుట్టూ బజారులో కొన్న సీరియల్ లైట్లు. అవి ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతుంటే మా చిన్నబ్బాయి అన్నము తినడము కూడా మరచి అరుగు మీద కూర్చునేవాడు.

2019 డిసెంబరులో ఆ నక్షత్రము మా ఇంటికి కన్నీళ్ళు తెచ్చింది. ఆ సంవత్సరము వెదురు కర్రకు బదులు ఇనుప గొట్టము పాతాము. సీరియల్ లైట్ల తీగ మీది తొడుగు ఒకచోట చిట్లి ఉన్నది. మేము చూడలేదు. ఆ చిట్లిన చోటు గొట్టమునకు ఆనుకున్నది. సాయంత్రము మంచు కురిసి నేల తడిసింది. తొమ్మిదేళ్ళ మా అబ్బాయి చెప్పులు లేకుండా వెళ్ళి గొట్టము పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదలలేకపోయాడు. పక్కింటివారు కేక విని పరుగెత్తి వెళ్ళి మెయిను ఆపివేయడము వలన బిడ్డ మాకు దక్కాడు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచారు. రెండు వేళ్ళు కాలిన మచ్చ ఇప్పటికీ ఉన్నది.

మరుసటి రోజు పిల్లల నాయనమ్మ ఒక్క మాట అన్నది: "ఈ గుమ్మంలో ఇంక కరెంటు నక్షత్రం కట్టొద్దు. దీపం లేకపోతే పండగ రాకుండా పోదు." ఆమె మాటకు ఎవరమూ ఎదురు చెప్పలేదు. 2020లో మా నక్షత్రము వెలుగు లేకుండానే వ్రేలాడింది. అంతకంటె మమ్మును బాధించిన సంగతి వేరొకటి. అబ్బాయి స్విచ్చి దగ్గరకు పోవడము మానివేశాడు. ఫ్యాను వేయమంటే అక్కను పిలిచేవాడు. ఈ భయము వానితోపాటు పెరిగి పెద్దదౌతుందేమోనని మేము లోలోపల దిగులుపడ్డాము.

పిల్లవాడు అడిగిన ప్రశ్న

2021 నవంబరులో పిల్లల మేనమామ మా ఇంటికి వచ్చారు. మండల కేంద్రములో ఆయనకు రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉన్నది. భోజనాల దగ్గర అబ్బాయి మెల్లగా అడిగాడు: "మామయ్యా, టార్చిలైటు పట్టుకుంటే షాకు కొట్టదు కదా. టార్చి బ్యాటరీలతో నక్షత్రం వెలగదా? సీరియల్ లైట్ల లాగా పరిగెత్తదా?"

ఆయన వెంటనే బదులు చెప్పలేదు. చెయ్యి కడుగుకొని వచ్చి, "వెలుగుతుంది, పరిగెత్తుతుంది కూడా. కాని నేను చేసి పెట్టను. నువ్వే చెయ్యాలి, నేను పక్కన కూర్చుంటాను" అన్నారు.

ముందుగా ఆయన చెప్పిన సంగతి పెద్దలందరూ తెలుసుకోదగినది. మన ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. తడి చేతికి, తడి నేలకు మధ్య అది మనిషి గుండెను ఆపగలదు. నాలుగు చిన్న టార్చి సెల్లులను ఒకదాని వెంట ఒకటి పెడితే వచ్చేది 6 వోల్టులే. మన చర్మమును దాటి హాని చేసేటంత కరెంటును ఆ కొద్ది వోల్టులు తోయలేవు. అందుచేత బయట తడిలో, పిల్లల చేతికి అందే చోట పెట్టే అలంకారమునకు బ్యాటరీయే తగినది.

నక్షత్రము ఒక పాఠముగానే పుట్టినది

క్రిస్మస్ నక్షత్రమును గూర్చి ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. అనేక కొనలు గల కాగితపు నక్షత్రము జర్మనీ దేశములోని నీస్కీ అనే ఊరిలో, మొరేవియన్ సహోదరుల సంఘము నడిపిన బడిలో 1830ల ప్రాంతమున పుట్టినది. అక్కడి విద్యార్థులకు రేఖాగణితము నేర్పడానికి దానిని చేయించారు. తరువాత హెర్న్‌హుట్ అనే ఊరిలో వాటిని అమ్మకమునకు చేయసాగారు. అంటే ఈ నక్షత్రము మొదటినుండి పిల్లలు లెక్క నేర్చుకొంటూ తమ చేతులతో చేసినదే. బజారులో కొని కట్టేది తరువాత వచ్చినది.

దానిలో వెలిగే చిన్న దీపములకు, అనగా ఎల్.ఇ.డి.లకు కూడ ఒక చరిత్ర ఉన్నది. కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హొలోన్యాక్ అనే శాస్త్రజ్ఞుడు చేసి చూపాడు. కాంతివంతమైన నీలి రంగు దీపము కోసము తరువాత చాలా ఏండ్లు పట్టినది. దానిని సాధించిన ముగ్గురు జపాను దేశములో పుట్టిన శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా 2014లో నోబెల్ బహుమతి పొందారు. ఈ దీపములో కాలే తీగ లేదు. అందుచేత అది వేడెక్కి కాగితమును అంటించదు, కొద్దిపాటి కరెంటుతోనే వెలుగుతుంది.

ముందు కాగితము మీద

సామాను కొనకముందే మేనమామ పిల్లలిద్దరి చేత గళ్ళ కాగితము తెప్పించారు. "దీపాలు ఎలా వెలగాలో ముందు గీయండి. గీయలేనిది చేయలేము" అన్నారు.

చీరాల వంటి చేనేత ఊళ్ళలో జకార్డు మగ్గము చూసినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. చీర అంచులో పువ్వు నేయాలంటే మొదట గళ్ళ కాగితము మీద దానిని గీస్తారు. ఆ గళ్ళ ప్రకారము అట్టలకు చిల్లులు పొడుస్తారు. చిల్లు ఉన్నచోట దారము లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశస్థుడైన జకార్డు 1804లో తెచ్చిన పద్ధతి ఇది. మా నక్షత్రమునకు కూడ అదే పద్ధతి.

నక్షత్రమునకు అయిదు కొనలు గనుక కాగితము మీద అయిదు అడ్డు వరుసలు గీశాము. సమయమును పది అడుగులుగా విభజించి పది నిలువు వరుసలు గీశాము. ఏ అడుగులో ఏ కొన వెలగాలో ఆ గడిలో చుక్క పెట్టాలి. అక్క, తమ్ముడు ఒక పూట పోట్లాడుకొని చివరకు ఇలా ఒప్పుకొన్నారు: మొదటి అయిదు అడుగులలో కొనలు ఒకటి తరువాత ఒకటి వెలగాలి. ఆరవ అడుగు చీకటి. ఏడవ అడుగులో అయిదు కొనలూ కలిసి వెలగాలి. ఎనిమిదవ అడుగు మరల చీకటి. తొమ్మిదవ అడుగులో మరల అన్నీ. పదవ అడుగు చీకటి. తరువాత మొదటికి.

చుక్కలు లెక్కపెడితే మొదటి అయిదు అడుగులకు 5, అన్నీ వెలిగే రెండు అడుగులకు 10, మొత్తము 15. "అయితే మనకు పదిహేను డయోడ్లు కావాలి. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క డయోడు" అన్నారు మేనమామ. డయోడు అంటే కరెంటును ఒకవైపునకే పోనిచ్చే చిన్న తలుపు. తెచ్చిన కరెంటు వెనుకకు తిరిగి వేరే దారిలోకి పోకుండా అది ఆపుతుంది. ఆ తలుపులు లేకపోతే మొదటి కొన వెలిగేటప్పుడు ఆ కరెంటు దొడ్డిదారిన మిగిలిన కొనలకు కూడ పాకి పనంతా పాడౌతుంది.

గుండె చప్పుడు, లెక్కపెట్టేవాడు

ఇప్పుడు ఆ పది అడుగులను ఎవరు నడిపిస్తారు? దానికి రెండు ఐ.సి.లు చాలు.

మొదటిది 555 అనే ఐ.సి. దీనిని హాన్స్ కామెంజిండ్ అనే ఇంజనీరు 1971లో సిగ్నెటిక్స్ అనే అమెరికా కంపెనీ కోసము రూపొందించాడు. 1972లో అది అమ్మకమునకు వచ్చినది. ఇన్ని ఏండ్లు గడచినా పల్లెటూరి రిపేరు కొట్లలో సైతము దొరుకుతున్నది. దీని పని గుండె చప్పుడు వంటిది. దీని పక్కన ఒక కెపాసిటర్ ఉంటుంది. దానిని ఒక చిన్న కుండ అనుకోండి. రెసిస్టర్ల గుండా కరెంటు వచ్చి ఆ కుండను మెల్లగా నింపుతుంది. బ్యాటరీ బలములో మూడింట రెండు వంతులకు, అంటే 4 వోల్టులకు చేరగానే 555 కుండకు చిల్లు తెరుస్తుంది. మూడింట ఒక వంతుకు, అంటే 2 వోల్టులకు దిగగానే చిల్లు మూస్తుంది. ఇలా నిండడము, దిగడము ఆగకుండా జరుగుతుంటే దాని 3వ కాలు నుండి ఒక్కొక్క సారికి ఒక్కొక్క తట్టు బయటకు వస్తుంది.

ఒక తట్టుకు, మరొక తట్టుకు మధ్య ఎంతసేపో ముందే లెక్కకట్టవచ్చును. మొదటి రెసిస్టరుకు రెండవ రెసిస్టరు విలువను రెండు మార్లు కలిపి, దానిని కెపాసిటర్ విలువతో హెచ్చించి, 0.7తో హెచ్చిస్తే సెకండ్లు వస్తాయి. మేము మొదటి రెసిస్టరు 10 కిలో ఓములు పెట్టాము. రెండవది 10 కిలో ఓముల రెసిస్టరు, దానితో వరుసగా 100 కిలో ఓముల వేరియబుల్ రెసిస్టరు. ఇది రేడియోలో శబ్దము పెంచే వాల్యూం కంట్రోల్ వంటిదే. కెపాసిటర్ 10 మైక్రోఫారడ్లు. వేరియబుల్ రెసిస్టరును ఒక కొసకు తిప్పితే అడుగుకు సుమారు 0.2 సెకండు, మరొక కొసకు తిప్పితే సుమారు 1.6 సెకండ్లు. నడుమ పెడితే అడుగుకు ఒక సెకండుకు కాస్త తక్కువ, పది అడుగుల పాటకు తొమ్మిది సెకండ్లు. ఏడవ తరగతి లెక్కలతోనే ఇది తేలిపోయింది. ఈ లెక్క కుదిరినప్పుడు అబ్బాయి ముఖము చూడవలసినది.

రెండవది 4017 అనే ఐ.సి. ఇది లెక్కపెట్టేది. దీనికి పది బయటి కాళ్ళు ఉన్నవి. 555 నుండి ఒక తట్టు వచ్చినప్పుడల్లా వాటిలో ఒక్కటి మాత్రమే మేల్కొంటుంది, మిగిలిన తొమ్మిది నిద్రపోతాయి. పదవది అయ్యాక మరల మొదటిది. సండే స్కూలు పిల్లలు వరుసలో నిలబడి ఒకరి తరువాత ఒకరు తమ అంకె చెప్పినట్లే.

అయితే ఈ కాళ్ళు వరుసగా ఉండవు. అంచుకు గాడి ఉన్న వైపు పైకి పట్టుకుంటే ఎడమవైపు పైది 1వ కాలు. అక్కడినుండి క్రిందికి దిగి, కుడివైపు క్రిందినుండి పైకి లెక్కపెట్టాలి. పది అడుగులు వచ్చే వరుస ఇది: 3, 2, 4, 7, 10, 1, 5, 6, 9, 11. ఇది గోడ మీద వ్రాసి పెట్టుకోవడము మంచిది.

కావలసిన సామాను

555 ఐ.సి. ఒకటి, 4017 ఐ.సి. ఒకటి, వాటిని గుచ్చడానికి 8 కాళ్ళ సాకెట్టు, 16 కాళ్ళ సాకెట్టు. బి.సి.547 ట్రాన్సిస్టర్లు 5. 1ఎన్4148 డయోడ్లు 15. ఎర్రని ఎల్.ఇ.డి.లు 15, కొనకు మూడు చొప్పున. 390 ఓముల రెసిస్టర్లు 15. 10 కిలో ఓముల రెసిస్టర్లు 7. 100 కిలో ఓముల వేరియబుల్ రెసిస్టరు ఒకటి. కెపాసిటర్లు 10 మైక్రోఫారడ్లది ఒకటి, 100 మైక్రోఫారడ్లది ఒకటి, 0.01 మైక్రోఫారడ్లది ఒకటి. చిల్లుల బోర్డు, సన్న తీగ, నాలుగు సెల్లుల పెట్టె, ఒక స్విచ్చి, చిన్న ఫ్యూజు.

హైదరాబాదులో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. మేము మా దగ్గరి పట్టణములోనే కొన్నాము. టంకము పెట్టే ఐరన్ మేనమామ తెచ్చారు.

కలిపే విధానము

555కు 8, 4 కాళ్ళు పాజిటివ్ తీగకు, 1వ కాలు నెగిటివ్ తీగకు. పాజిటివ్ నుండి 7వ కాలుకు మొదటి 10 కిలో ఓముల రెసిస్టరు. 7వ కాలు నుండి 6వ కాలుకు రెండవ 10 కిలో ఓముల రెసిస్టరు, వేరియబుల్ రెసిస్టరు వరుసగా. 6, 2 కాళ్ళను ఒకటిగా కలిపి, అక్కడినుండి నెగిటివ్‌కు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్. దాని ఒంటిమీద గీత ఉన్న కాలు నెగిటివ్ వైపు ఉండాలి. 5వ కాలు నుండి నెగిటివ్‌కు 0.01 మైక్రోఫారడ్ల కెపాసిటర్. 3వ కాలు నుండి 4017 యొక్క 14వ కాలుకు తీగ. ఐ.సి.ల దగ్గరగా పాజిటివ్‌కు, నెగిటివ్‌కు మధ్య 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్.

4017కు 16వ కాలు పాజిటివ్, 8వ కాలు నెగిటివ్. 13, 15 కాళ్ళు కూడ తప్పనిసరిగా నెగిటివ్‌కే కలపాలి. 12వ కాలుతో మనకు పని లేదు.

4017 తనంతట తాను మూడేసి దీపములను మోయలేదు. అందుకే కొనకు ఒక ట్రాన్సిస్టరు. చిన్న కరెంటు వచ్చి చెప్పగానే పెద్ద కరెంటుకు దారి తెరిచే కాపలాదారుడు ఇతడు. చదును వైపు మనవైపు, కాళ్ళు క్రిందికి పెట్టి చూస్తే ఎడమనుండి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎమిటర్లు అయిదూ నెగిటివ్‌కు. ప్రతి బేసుకు ఒక 10 కిలో ఓముల రెసిస్టరు, దాని రెండవ కొసకు డయోడ్లు వచ్చి చేరతాయి. డయోడు మీద నల్లని పట్టీ ఉన్న కొస ట్రాన్సిస్టరు వైపు ఉండాలి.

ఇక గళ్ళ కాగితము చూసి కలుపుకొంటూ పోవడమే. 3వ కాలు నుండి మొదటి కొనకు ఒక డయోడు. 2వ కాలు నుండి రెండవ కొనకు, 4 నుండి మూడవ కొనకు, 7 నుండి నాలుగవదానికి, 10 నుండి అయిదవదానికి. అన్నీ వెలగవలసిన అడుగులు 5వ కాలు, 9వ కాలు. ఒక్కొక్కదానినుండి అయిదు కొనలకు అయిదేసి డయోడ్లు. 1, 6, 11 కాళ్ళకు ఏమీ కలపకూడదు. ఆ మూడే చీకటి అడుగులు.

ప్రతి ఎల్.ఇ.డి.కి పొడుగు కాలు పాజిటివ్ తీగకు, పొట్టి కాలు 390 ఓముల రెసిస్టరు గుండా ఆ కొన కలెక్టరుకు. ఈ రెసిస్టరు లేకపోతే దీపము ఒక్క మెరుపు మెరిసి చనిపోతుంది. లెక్క ఇది: 6 వోల్టులలో ఎర్ర దీపము సుమారు 2 వోల్టులు వాడుకుంటుంది. మిగిలిన 4 వోల్టులను 390 ఓములతో భాగిస్తే సుమారు 10 మిల్లీ ఆంపియర్లు. నీలము, తెలుపు దీపములైతే అవి సుమారు 3 వోల్టులు వాడుకుంటాయి గనుక 330 ఓములు సరిపోతాయి. మూడు దీపములకు ఒకే రెసిస్టరు పెట్టి పొదుపు చేద్దామని మా అమ్మాయి అన్నది. కాని మూడూ ఒకే తీరున ఉండవు, ఒకటి ఎక్కువ కరెంటు త్రాగితే మరొకటి మసకబారుతుంది. అందుకే ఎవరి రెసిస్టరు వారికి.

మా పొరపాటు

మొత్తము అమర్చి స్విచ్చి వేయమని అబ్బాయికి చెప్పాము. వాడు రెండు నిమిషములు స్విచ్చి వంక చూస్తూ నిలబడ్డాడు. ఎవరమూ తొందరపెట్టలేదు. చివరకు వేశాడు.

దీపములు వెలిగాయి, కాని వరుస లేదు. ఒకటి, రెండు, మరల ఒకటి, ఒక్కసారి నాలుగవది. బోర్డు దగ్గరకు చెయ్యి తెస్తే, తాకకముందే గంతులు వేశాయి. అబ్బాయి గబుక్కున చెయ్యి వెనుకకు లాగుకొన్నాడు. "షాకా?" అన్నాడు. వాని కండ్లలో ఆ పాత భయము మాకు కనబడింది.

మేనమామ నవ్వలేదు, కోప్పడలేదు. తన చేతిని బోర్డు మీదనే పెట్టి, "చూడు, ఏమీ లేదు. నువ్వు ఒక కాలును గాలికి వదిలేశావు. ఏదో వెతుకు" అన్నారు. అబ్బాయి కాగితము పట్టుకొని ఒక్కొక్క కాలు సరిచూశాడు. పావుగంటకు దొరికింది. 15వ కాలును నెగిటివ్ తీగకు కలపడము మరచాడు. ఆ కాలు పని, లెక్కను మొదటికి తిప్పడము. దేనికీ కలపకుండా వదిలితే అది గాలిలోని అల్లరినంతా మాటగా విని, దగ్గరకు వచ్చిన చేతికి కూడ జవాబు చెబుతుంది. దానిని ఒక స్థిరమైన చోటికి కట్టివేయగానే దీపములు బుద్ధిగా వరుసలో నడిచాయి.

కారణము లేకుండా జరుగుతున్నదనుకొన్న దానికి కారణము ఉన్నదని, ఓపికతో వెతికితే దొరుకుతుందని, తన చేతితోనే దానిని సరిచేయవచ్చునని వాడు ఆ పావుగంటలో తెలుసుకొన్నాడు. మేము రెండు సంవత్సరములు చెప్పిన ధైర్యపు మాటలు చేయలేని పని అది.

బ్యాటరీ ఎన్ని రాత్రులు?

ఒక కొన వెలిగినప్పుడు 30 మిల్లీ ఆంపియర్లు, అన్నీ వెలిగినప్పుడు 150, చీకటిలో దీపములకు సున్న. పది అడుగుల సగటు 45. ఐ.సి.ల వాడకము కలిపితే సుమారు 50. మంచి ఆల్కలైన్ సెల్లులలో సుమారు 2000 మిల్లీ ఆంపియర్ గంటల నిలువ ఉంటుంది. అంటే లెక్క ప్రకారము 40 గంటలు, రోజుకు 4 గంటల చొప్పున 10 రాత్రులు. సెల్లులు అరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది గనుక వారము రోజులు నిశ్చయముగా వస్తుందనుకోండి. ఎమర్జెన్సీ లైట్లలో వాడే 6 వోల్టుల బ్యాటరీ ఉంటే పండుగ దినములన్నిటికీ సరిపోతుంది. దానిని వాడితే పాజిటివ్ తీగలో ఫ్యూజు తప్పక ఉండాలి, ఎందుకంటే తీగలు ఒకదానికొకటి తగిలితే ఆ బ్యాటరీ తీగను ఎర్రగా కాల్చగలదు. ఛార్జింగు పెట్టేటప్పుడు బ్యాటరీని విప్పి ఇంటిలోపల పెట్టుకోవాలి. నక్షత్రమునకు తగిలించి ఉంచి ఛార్జి చేయకూడదు.

పెద్దలకు కొన్ని జాగ్రత్తలు

నక్షత్రము 6 వోల్టులదే గాని టంకము పెట్టే ఐరన్ 230 వోల్టులదని మరచిపోవద్దు. తీగ చిట్లనిది, మూడు కాళ్ళ ప్లగ్గు గలది వాడండి. పెద్దవారు పక్కన ఉన్నప్పుడే పిల్లలు దానిని పట్టుకోవాలి. కిటికీ తెరిచి పని చేయండి. టంకములో సీసము ఉండవచ్చును గనుక పని కాగానే సబ్బుతో చేతులు కడుగుకొని అప్పుడే అన్నమునకు కూర్చోండి.

ఈ బోర్డును ఎన్నడూ ఇంటి కరెంటుకు నేరుగా కలపరాదు. ఎవరైనా కరెంటుకు పట్టుకుపోతే వారిని చేతితో లాగవద్దు. మెయిను ఆపండి. అది అందకపోతే ఎండిన కర్రతో తీగను తోసివేయండి. వీలున్నవారు ఇంటి మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోండి. కరెంటు దారి తప్పి మనిషిలోకి పోతున్నప్పుడు అది క్షణములో సరఫరాను ఆపివేస్తుంది. మా ఇంటిలో అది ముందే ఉండి ఉంటే 2019 సాయంత్రము వేరుగా గడిచేది.

ఆ రాత్రి

2021 డిసెంబరులో వెదురు బద్దలతో అబ్బాయే నక్షత్రము కట్టాడు. బోర్డును మూత గల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మంచు నీరు దిగకుండా తీగలను అడుగునుండి బయటకు తీశాడు. కొన కొనకు మూడు దీపములు అమర్చి, ఎర్ర కాగితము, పసుపు కాగితము అంటించాడు. ఈసారి ఇనుప గొట్టము లేదు. వసారా దూలమునకు, పెద్దవారి చేతికి అందే ఎత్తున కట్టాము.

నాయనమ్మకు ముందుగా చెప్పలేదు. చీకటి పడ్డాక ఆమె అరుగు మీద కూర్చుని ఉండగా అబ్బాయి స్విచ్చి వేశాడు. ఈసారి ఆగలేదు. ఒక కొన వెలిగింది, రెండవది, మూడవది. అయిదూ అయ్యాక ఒక్క క్షణము చీకటి. తరువాత అన్నీ కలిసి. ఆమె లేచి నిలబడింది.

"ఒరే, కరెంటు కట్టారా మళ్ళీ?"

"కరెంటు కాదు నాయనమ్మా. నాలుగు టార్చి సెల్లులు. నేనే చేశాను."

"ముట్టుకుంటే?"

అబ్బాయి బదులు చెప్పకుండా మచ్చ ఉన్న చేతితోనే నక్షత్రమును పట్టుకున్నాడు. దాని వెలుగు వాని వేళ్ళ మధ్యనుండి వచ్చి పోతున్నది. తరువాత నాయనమ్మ చెయ్యి పట్టుకొని మెల్లగా దాని మీద పెట్టాడు. ఆమె కొంతసేపు అలాగే ఉంచింది. "చల్లగానే ఉందిరా" అన్నది.

ఆ రాత్రి క్యారల్స్ పాడుతూ వచ్చిన యౌవనస్థులు మా వాకిట చాలాసేపు నిలిచారు. వారిలో ఇద్దరు మరునాడు గళ్ళ కాగితము పట్టుకొని వచ్చారు. తరువాతి సంవత్సరము మా మందిరము మీది నక్షత్రమును సండే స్కూలు పిల్లలే చేశారు. వారి కాగితము మీద చుక్కలు వేరు, వారి వెలుగు నడిచే తీరు వేరు. లోపలి లెక్క మాత్రము ఒక్కటే.

ప్రియ పాఠకులారా, బజారులో ఇంతకంటె గొప్ప లైట్లు ఇంతకంటె తక్కువ ధరకే దొరుకుతాయి. ఆ సంగతి మేము ఎరుగుదుము. కాని మీ ఇంటిలో కరెంటుకు భయపడే బిడ్డ గాని, ప్రతి వస్తువును విప్పి చూచే బిడ్డ గాని ఉంటే, ఈ డిసెంబరునకు ముందే ఒక గళ్ళ కాగితము వాని చేతికి ఇవ్వండి. పక్కన కూర్చోండి. పొరపాటు ఎక్కడున్నదో మీకు ముందే తెలిసినా, కొంతసేపు చెప్పకుండా ఉండండి. వానినే వెతకనియ్యండి.